వసంతపు ఎండలో నల్లగుర్తు వాలు: ఏ గంటకు దిగాలి?

మార్చి నెల వచ్చిందంటే హనుమకొండలో పగలు పదకొండు దాటాక రోడ్డెక్కడానికి జనం వెనకాడతారు. సరిగ్గా అవే రోజుల్లో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు కొందరు మంచు వాలుల మీద జారే స్కీయింగ్ కోసం ఉత్తరాదికి రైలెక్కుతున్నారు. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు మొదలయ్యాక కాశ్మీర్ ప్రయాణం మునుపటికంటే తేలికైంది. పరీక్షలు, ఆఫీసు సెలవులు చూసుకుని బయలుదేరితే గుల్మార్గ్ చేరేసరికి మార్చి నెలాఖరవుతుంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకైతే వసంతపు సెలవులే కొలరాడో, యూటా కొండలకు వెళ్లే అదను. ఇక్కడైనా అక్కడైనా వాళ్లకు ఎదురయ్యేది పగటి ఎండకు కరిగి, రాత్రి చలికి గడ్డకట్టే మంచే.

ఈ మంచు గురించి మనవాళ్ల మధ్య రెండు సలహాలు తిరుగుతుంటాయి. ఎండ ఉంటే మంచు మెత్తబడుతుంది, పడినా దెబ్బ తగలదు, కష్టమైన వాలు నేర్చుకోవడానికి అదే మంచి రోజు అని కొందరంటారు. ఎండ కాసిందంటే మంచు జారుతుంది, ఆ రోజు నిటారు వాలు జోలికి వెళ్లవద్దని మరికొందరంటారు. వినడానికి ఒకదానితో ఒకటి పొసగవు. అయినా రెండూ సరైనవే. ఒకే రోజున, ఒకే వాలు మీద, వేర్వేరు గంటల్లో. పొద్దున ఎనిమిదికి కాలు నిలవనివ్వని వాలు పదిన్నరకు హాయిగా దిగనిస్తుంది, మధ్యాహ్నం రెండింటికి మోకాళ్లకు పరీక్ష పెడుతుంది. ఎండరోజు స్కీయింగ్‌లో ధైర్యం కంటే, చేయి తిరిగిన నైపుణ్యం కంటే ముందు కావలసింది ఈ గంటల లెక్క. అది తెలియకపోతే బాగా వచ్చినవారు కూడా దెబ్బతింటారు.

ముందు వాలు పక్కన పాతిన బోర్డు సంగతి చూద్దాం. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం సులువైన దారికి, నీలి చదరం మధ్యస్థమైనదానికి, నల్ల వజ్రం కష్టమైనదానికి గుర్తు. జంట నల్ల వజ్రాలు కనిపిస్తే ఆ దారి ఆరితేరినవారిది. ఐరోపాలో నీలం, ఎరుపు, నలుపు వరుస. కొన్ని దేశాల్లో వాటికి ముందు ఆకుపచ్చ కూడా ఉంటుంది. నల్ల వజ్రం అంటే సాధారణంగా 40 శాతానికి మించిన వాలు. ఈ శాతాన్ని చాలామంది డిగ్రీలుగా పొరబడతారు. వంద మీటర్లు అడ్డంగా సాగేలోపు నలభై మీటర్లు కిందికి దిగితే అది 40 శాతం. డిగ్రీల్లో చెబితే సుమారు 22. నూటికి నూరు శాతం వాలంటే 45 డిగ్రీలు. పైగా ఈ గుర్తులు ఏ కొండకు ఆ కొండ వేసుకున్నవి. చిన్న రిసార్టులో నల్ల వజ్రం పెట్టిన దారికి పెద్ద కొండ మీద నీలి చదరమే దక్కవచ్చు. గుర్తు వేసేవారు వాలు, వెడల్పు, మలుపులు, అడ్డంకులు చూసి వేస్తారు. ఆ పూట మంచు ఎలా ఉందో బోర్డు చెప్పలేదు. నడి చలికాలంలో మంచు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు కనుక ఆ లోటు అంతగా తెలియదు. వసంతంలో ప్రమాదమంతా ఆ లోటులోనే ఉంటుంది.

మంచు లెక్క ముందురోజు రాత్రే మొదలవుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వారికి ఇందులో సగం ముందే తెలుసు. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి వణికిస్తుంది, మబ్బు పట్టిన రాత్రి కాస్త ఊరటగా ఉంటుంది. నేల తనలోని వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు ఉంటే అందులో కొంత తిరిగి కిందికి చేరుతుంది. కంటికి కనిపించే వెలుగును తిప్పికొట్టే తెల్లటి మంచు, కంటికి కనిపించని ఈ పరారుణ వేడిని వదిలేయడంలో మాత్రం ఏమాత్రం పొదుపు చూపదు. అందుకే గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నా, మబ్బూ గాలీ లేని పొడి రాత్రిలో మంచు పైపొర గడ్డకట్టగలదు. మబ్బు కమ్మిన రాత్రి థర్మామీటరు అదే అంకె చూపించినా పైపొర గట్టిపడకుండానే తెల్లవారుతుంది. వాతావరణ సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకుంటే సగం సమాచారమే చేతికొచ్చినట్టు. పడుకునే ముందు ఒకసారి బయటికి వచ్చి చుక్కలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.

రోజూ ఇలా కరుగుతూ గడ్డకడుతూ ఉంటే మంచు స్వరూపమే మారిపోతుంది. కొత్తగా కురిసిన మంచు రేకులకు కొమ్మలు, ముళ్లు ఉంటాయి. తడిసిన మంచులో చిన్న రేణువులు ముందు కరిగిపోతాయి, పెద్దవి ఇంకా పెరుగుతాయి. కొన్నాళ్లకు మంచంతా ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకు మించిన గుండ్రని రేణువులవుతుంది. స్కీయర్లు దీన్ని కార్న్ స్నో అంటారు. రాత్రి ఈ రేణువుల మధ్య నీరు గడ్డకట్టి వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. తెల్లవారేసరికి వాలంతా ఒకే పలక. ఎండ తగిలాక పైనున్న రెండు మూడు సెంటీమీటర్లలో ఆ అతుకులు ముందుగా విడిపోతాయి. పైన స్కీ అంచు దిగబడేంత మెత్తదనం, కింద మనిషిని మునిగిపోకుండా మోసేంత గట్టిదనం, ఈ రెండూ ఒకేసారి దొరికే సమయం ఇదే. నిటారు వాలు మొదటిసారి దిగాలనుకునేవారికి ఏడాది మొత్తంలో ఇంతకంటే దయగల మంచు ఉండదని నా గట్టి నమ్మకం. మలుపు తిప్పితే తిరుగుతుంది, అంచు మోపితే పట్టుకుంటుంది, పడితే ఆపుతుంది. చిక్కల్లా అది ఎక్కువసేపు నిలవకపోవడమే. కొన్ని రోజుల్లో ఒక వాలు మీద గంట కూడా ఉండదు.

ఎండ అంత తీక్షణంగా ఉంటే మంచు మొత్తం కరిగిపోదా అని మన ఎండలు తెలిసినవారు అడుగుతారు. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో కిలో నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. కరిగేటప్పుడు మంచు ఇంత వేడిని మింగుతుంది, అయినా తన ఉష్ణోగ్రత సున్నా దాటదు. గాలి పదిహేను డిగ్రీలకు చేరి, చొక్కా చేతులు మడుచుకునే వాతావరణంలో కూడా కాళ్ల కింద మీటరు మందం మంచు నిలిచి ఉండడానికి కారణం ఇదే. అయితే కరగడం మొదలయ్యాక వేగం పుంజుకుంటుంది. కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 నుంచి 90 శాతం తిప్పికొడుతుంది; పాతబడి తడిసిన మంచు 50, 60 శాతం మాత్రమే తిప్పికొట్టి మిగతాది పీల్చుకుంటుంది. పొద్దున మెల్లగా మెత్తబడే వాలు మధ్యాహ్నానికి చూస్తుండగానే బురదవుతుంది.

ఇక సూర్యుడి కోణం. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. గుల్మార్గ్ సుమారు 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు దిగంతానికి సుమారు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మార్చి 21 నాటికి 56 డిగ్రీలకు ఎక్కుతాడు. దక్షిణం వైపు తిరిగిన 30 డిగ్రీల వాలు మీద ఆ కిరణాలు 86 డిగ్రీల కోణంలో, అంటే దాదాపు నిట్టనిలువుగా పడతాయి. అంతే వాలు ఉత్తరానికి తిరిగి ఉంటే దానికి దక్కేది 26 డిగ్రీల ఏటవాలు ఎండ. చదరపు మీటరుకు అందే నేరు ఎండ దక్షిణపు వాలుతో పోలిస్తే సగం కంటే తక్కువ. ఒకే కొండకు ఒక పక్క వేసవి, మరో పక్క ఇంకా చలికాలం.

కాబట్టి వసంతపు ఎండరోజున కొండ మీద సూర్యుడి వెంట నడవాలి. తూర్పు వైపు వాలులు ముందు మెత్తబడతాయి, ఆ తర్వాత దక్షిణపువి, చివర పడమటివి. ఉత్తరం వైపువి కొన్ని రోజుల్లో అసలు మెత్తబడవు. వాటి మీద పొడి మంచు మిగిలి ఉంటే అదృష్టం, గడ్డకట్టిన పాత మంచు ఉంటే వదిలేయడమే మేలు. రిసార్టు పటం చేతికి రాగానే అందులో ఉత్తర దిక్కు ఎటుందో గుర్తించండి. పటాలు గీసేవారు కొండ అందంగా కనిపించేలా గీస్తారు, పైభాగం ఉత్తరమే అవ్వాలని లేదు. ఏ నల్ల వజ్రం ఏ దిక్కుకు తిరిగి ఉందో గుర్తు పెట్టుకుంటే రోజుకు సరిపడా ప్రణాళిక అక్కడికక్కడే తయారవుతుంది.

మన ఇళ్లలో ఏ పనైనా పొద్దున్నే మొదలుపెట్టమంటారు. చలికాలపు కొత్త మంచుకు ఆ మాట సరిపోతుంది. వసంతంలో నల్ల వజ్రం మీదికి, కొండపైకి తీసుకెళ్లే మొదటి లిఫ్టులోనే వెళ్లడం చెడ్డ ఆలోచన. గడ్డకట్టిన నిటారు వాలు మీద పడినవారు ఆగరు. నున్నటి స్కీ దుస్తులకు పట్టు దొరకదు. వాలు తేలికపడేదాకా, లేదా చెట్టో రాయో అడ్డం వచ్చేదాకా జారుతూనే ఉంటారు. ఆ గంటల్లో యంత్రంతో చదును చేసిన సులువు దారుల్లో కాళ్లు సాగదీసుకుని, స్కీ అంచులకు పదును ఉందో లేదో చూసుకుంటే చాలు.

కష్టమైన వాలు అంచుకు చేరాక దూకేయకుండా ఒక్క నిమిషం ఆగాలి. చేతిలోని స్కీ కర్ర మొనను మంచులో గుచ్చి చూడండి. కర్ర గీసుకుంటూ పక్కకు జారిపోతే ఇంకా వేళ కాలేదు, కాసేపు కూర్చోవచ్చు. మొన రెండు మూడు సెంటీమీటర్లు దిగి గట్టిపొర తగిలి ఆగితే బయలుదేరే సమయం వచ్చింది. మొనకు పైనుండే ప్లాస్టిక్ బిళ్ల దాకా సులువుగా దిగిపోతే సమయం మించిపోయింది. ఎండ ఇంకా అంతగా తగలని వేరే దిక్కు వాలు చూసుకోవాలి. ఈ పరీక్ష వాలు పైఅంచున ఒకచోట, కొంత దిగాక మరోచోట చేయాలి. పైన మెత్తగా ఉండి, కింద రాతి నీడలో గాజులా గట్టిగా ఉండే దారులు చాలా ఉంటాయి.

బురద మంచు మీద దెబ్బలు తగిలే తీరు వేరు. మంచు ముక్కు మీద దెబ్బ కొట్టదు, కాలిని పట్టుకుంటుంది. ఒక స్కీ మెత్తటి కుప్పలో కూరుకుపోయి ఆగుతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది, ఆ మెలిక భారమంతా మోకాలి లిగమెంటు మీద పడుతుంది. అందుకని గట్టి మంచు మీద చేసినట్టు బయటి కాలి మీదే బరువంతా వేయకూడదు. రెండు స్కీల మీద బరువు దాదాపు సమంగా ఉంచి, పాదాలు మరీ ఎడం కాకుండా చూసుకుని, మలుపును ఒక్కసారిగా కాకుండా నిదానంగా తిప్పాలి. వేగం బొత్తిగా తగ్గించుకుంటే బురద ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. వాలు తగ్గి చదునయ్యే చోట స్కీలు చటుక్కున అంటుకుపోయి చాలామంది బోర్లా పడతారు. నిటారుగా ఉన్నంతసేపు అదే మంచు జారనిస్తుంది. నీడలోంచి ఎండలోకి దాటేచోట కూడా ఇంతే. ఆ గీత ముందే కనిపిస్తుంది కాబట్టి, దాటేముందు ఒక పాదాన్ని కాస్త ముందుకు జరిపి మోకాళ్లు సడలిస్తే తూలకుండా నిలబడవచ్చు.

స్కీయర్ల మలుపుల వల్ల ఏర్పడే మిట్టల వరుసలను మొగల్స్ అంటారు. పొద్దున అవి రాళ్ల గుట్టలతో సమానం. పగటి నడుమ మిట్టలు మెత్తబడినప్పుడు వాటి మీద నేర్చుకోవడానికి వసంతాన్ని మించిన కాలం లేదు, ఎందుకంటే తప్పటడుగును మంచు మన్నిస్తుంది. మధ్యాహ్నం గడిచాక జనం తొక్కిడికి మిట్టల మీద బురద పేరుకుని, మధ్యనున్న గుంటలు కింది గట్టిపొర దాకా గీరుకుపోతాయి. అప్పుడు ఒక్కో మలుపులో రెండు రకాల మంచు తగులుతుంది.

తడి మంచులో స్కీ అంటుకుపోవడానికి కారణం నీరే. స్కీ జారేది రాపిడి వల్ల పుట్టే పలచటి నీటి పొర మీద. ఆ పొర మరీ మందమైతే నీరు స్కీ అడుగును పట్టి లాగుతుంది. నీటిని వదిలించడానికి అడుగున సన్నటి గాళ్లు ఉంటాయి, పైన వెచ్చటి మంచుకు సరిపడే మైనం రాస్తారు. తడి మంచులో అద్భుతంగా పనిచేసే ఫ్లోరిన్ మైనాలు మట్టిలో, నీటిలో ఏళ్ల తరబడి విడిపోకుండా ఉండిపోతాయి. అందుకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజను నుంచి తన పోటీల్లో వాటిని పూర్తిగా నిషేధించింది. మంచి నిర్ణయం. ఆ మైనం లేకపోయినా సరదాగా స్కీ చేసేవారికి ఏ లోటూ లేదు. అద్దె స్కీలు తీసుకునేటప్పుడు మైనం రాశారా, అంచులు సానపట్టారా అని అడిగి తీసుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది.

ఎండరోజుల్లో జరిగే పోటీల్లో నిర్వాహకులు వాలు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు మంచును కరిగిస్తుంది కదా, గట్టిపరచడానికి ఎలా పనికొస్తుంది? మన వీధుల్లో కుల్ఫీ చేసేవారు డబ్బా చుట్టూ ఐసు ముక్కల్లో ఉప్పు వేయడం చూసినవారికి జవాబు తేలికగా అందుతుంది. ఉప్పు తగిలిన చోట మంచు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని పక్కనున్న మంచు నుంచి, నీటి నుంచి లాక్కుంటుంది. కుల్ఫీ డబ్బాలో పాలు గట్టిపడేదీ, వాలు మీద రేణువుల మధ్య నీరు గడ్డకట్టేదీ అలాగే. పొడి మంచు మీద ఉప్పు చల్లితే ఫలితం ఉండదు, తడి ఉంటేనే పని చేస్తుంది. రష్యాలోని సోచిలో 2014 శీతాకాల ఒలింపిక్స్ జరుగుతుండగా ఎండలకు వాలులు మెత్తబడ్డాయి; కావలసిన ముతక ఉప్పు చాలక స్విట్జర్లాండ్ నుంచి విమానంలో తెప్పించారు. మామూలు రిసార్టు దారుల్లో ఈ ఏర్పాటు ఉండదు. టీవీలో పోటీ చూసి మధ్యాహ్నపు వాలు అంత గట్టిగా ఉంటుందనుకుంటే పొరపాటు.

మంచు చరియల విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. రిసార్టు హద్దుల లోపల, గస్తీ ఉన్న దారుల్లో ఆ బాధ్యత సిబ్బంది చూసుకుంటారు. హద్దు తాడు దాటిన మరుక్షణం అది మీ మీదే. గుల్మార్గ్‌లో గోండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, మొదటి దశ కొంగ్‌డోరి వరకు, రెండో దశ అఫర్వాట్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల ఎత్తు వరకు తీసుకెళ్తుంది. అంత పైనుంచి ఎటు చూసినా దిగడానికి వాలులే కనిపిస్తాయి, కానీ గస్తీ ఉండేది అందులో కొంత భాగానికే. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ గుల్మార్గ్ పై వాలుల్లో చరియల కింద ప్రాణాలు కోల్పోయారు. అవి చలికాలపు చరియలు. వసంతంలో కారణం మారుతుంది: కరిగిన నీరు లోపలి పొరల్లోకి ఇంకి రేణువుల మధ్య అతుకులను వదులు చేస్తుంది, తడి బరువుతో మంచు మొత్తం కదులుతుంది. ఇవి నెమ్మదిగా సాగినా బరువు చాలా ఎక్కువ. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లడం మొదలైనా, బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, రాత్రంతా మబ్బు ఉండి పైపొర గడ్డకట్టకపోయినా అక్కడ ఉండకూడదు. డబ్బు పెట్టి ఇంత దూరం వచ్చామన్న లెక్క ఆ నిమిషంలో వేయకండి.

ఎత్తు మరో భారం. వరంగల్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉంటుంది. అఫర్వాట్ మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 60 శాతమే. చేరిన మర్నాడే పైకి వెళ్లడం వద్దు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది, మంచు వాటిని కింది నుంచి కూడా కంటికి కొడుతుంది. ఎండలో పుట్టి పెరిగినవాళ్లం మాకేమిటనుకుని కళ్లద్దాలు తీసేసినవారికి రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. గాగుల్స్, సన్‌స్క్రీన్, నీళ్లు తప్పనిసరి. దుస్తులు పలచటివి రెండు మూడు పొరలుగా వేసుకుంటే ఎండెక్కేకొద్దీ తీసేయవచ్చు.

మైదానాల్లో పెరిగినవారికి మంచు అబ్బదన్న మాట నేను ఒప్పుకోను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్చుకుని, డార్జిలింగ్‌లో మంచు మీద శిక్షణ పొంది వెళ్లింది. స్కీయింగ్‌కూ అంతే, పద్ధతిగా నేర్పేవారు కావాలి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఔలిలోనూ శిక్షణ దొరుకుతుంది. ఔలి గుల్మార్గ్ పై వాలుల కంటే తక్కువ ఎత్తులో ఉంది కనుక మార్చి నెలాఖరుకు అక్కడ మంచు మిగలకపోవచ్చు, ముందుగా వెళ్లాలి. కొలరాడోలో ఉన్నవారికి ఆ హడావుడి లేదు; అరాపహో బేసిన్ లాంటి ఎత్తైన రిసార్టు సాధారణంగా జూన్ దాకా నడుస్తుంది.

చివరగా సాయంత్రం సంగతి. నాలుగు దాటి కొండ నీడ వాలు మీదికి రాగానే మంచు మళ్లీ గడ్డకట్టడం మొదలవుతుంది. ఈసారి నున్నగా కాదు; రోజంతా జనం తొక్కిన గాళ్లు, కుప్పలు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. కాళ్లు అలసిపోయి, వెలుతురు తగ్గి, స్కీలు ఆ గాళ్లలో పట్టుకుపోయే వేళ అది. ఇంకొక్కసారి అనిపించేదీ సరిగ్గా అప్పుడే. ఆ ఒక్కసారి మానుకుని గోండోలాలో కూర్చుని కిందికి దిగండి. చివరి గోండోలా ఎన్నింటికో పొద్దున టికెట్ తీసుకునేటప్పుడే అడిగి ఉంచుకోవాలి. గాలి పెరిగితే అది చెప్పిన సమయానికి ముందే ఆగిపోతుంది.